కంచభూములు – ఆడుబిడ్డ చేవ్రాలు



మన తెలంగాణ పల్లెలలో 'కంచ' యను మాట వినని యిల్లాలు లేదు. పశువుల మేతకై నాగలి సోకనీయక విడిచిన గడ్డినేలకు కంచయని పేరు. కంచె వేరు, కంచ వేరు. కంచె చేనికి కావలి. కంచ పసరమునకు జీవనము. నిజాము ప్రభుత్వ కాలమున గుఱ్ఱపుసాలల మేతకై నగరము చుట్టు నిట్టి బీళ్లను ప్రత్యేకించియుండిరి. నేడు హైటెక్ సిటీ యని, సైబరాబాదని మనవారు గొప్పగా చెప్పుకొను పడమటి దిక్కంతయు నాడు కంచలు, చెలుకలు, గుట్టలు, కుంటలు. గచ్చిబౌలి యూరిపేరునకు ముందు 'కంచ' యను మాట యిప్పటికిని నిలిచియున్నది. రెవెన్యూ దఫ్తరములలో నా భూమిని 'కంచ అస్తబల్ పోరంబోకు' అని వ్రాసిరి. అస్తబల్ అనగా గుఱ్ఱపుసాల. గుఱ్ఱములు పోయినవి, సాలలు పోయినవి, వ్రాత మాత్రము మిగిలినది.

కంచ యనగా నుత్త బీడని తలపరాదు. తంగేడు, మోదుగ, రేల, చండ్ర, బలుసు, కలివి, సీతాఫలము, ఈత, ఇవి యెవరును నాటక యచట పెరుగును. నెమలి, కౌజు, తీతువు, పాలపిట్ట, ఉడుము, ముంగిస, నక్షత్రపు తాబేలు అచట కాపురముండును. బతుకమ్మ పేర్చు వారికి వేరుగా చెప్పనక్కరలేదు. తంగేడును గునుగును మన యవ్వలు తోటలలో పెంచలేదు, కంచలనుండియే ఒడినిండ కోసి తెచ్చుకొనిరి. మేము చందానగరమునకు కాపురమునకు వచ్చిన క్రొత్తలో వీధిచివరి బీటిలో తంగేడు పూచెడిది. ఇప్పుడు పండుగ ముందటి దినమున మియాపూరు అంగడిలో కట్టకింతయని బేరమాడి కొనుచున్నాము. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని మన వాడుక. అది తెలంగాణ రాష్ట్రపక్షి కూడ. వాలుటకు చెట్టులేని పిట్టను కొందఱు వలవేసి పట్టి, పంజరమున బెట్టి యింటింటికి తెచ్చి రొక్కమునకు చూపుచున్నారు. పట్టుట చట్టవిరుద్ధము, చూచుటకు రొక్కమిచ్చువారు మాత్రము మనమే. శుభము కోరి చూచు పక్షి పంజరమున గూర్చుండుట యెట్టి శుభమో పెద్దలే చెప్పవలెను.

ఇంతకు నీ మాసము కంచల ప్రసక్తి యెందుకు వచ్చెననగా, శంకరుపల్లి కావలి పల్లెనుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినది. పుట్టింటి వారికి తొమ్మిదెకరముల మెట్టభూమి గలదు. అందు ఆఱెకరములు చెలుక; మూడెకరములు బండలు, పొదలు, ఒక చిన్న కుంట. తండ్రి కాలము చేసెను. అన్నలిద్దఱు మొత్తమును వెంచరు వారికి అమ్మదలచిరి. అక్కచెల్లెండ్రిద్దఱి చేవ్రాలు కావలసివచ్చినది. 'బండల నడుమ నెమళ్లు పొదుగును, కుంటలో వానకాలము కొంగలు వ్రాలును, అమ్మ మేకలు మేపిన తావు అది. ఆ మూడెకరముల నెవ్వరును కట్టడములు కట్టకుండ నిలుపు మార్గమేమైన గలదా? లేక నేను చేవ్రాలు చేయక మొండికెత్తి అన్నలతో పగ తెచ్చుకొనవలెనా?' అని యడిగినది. ఇట్టి ప్రశ్న ఒక్క యింటిది కాదు. నగరము చుట్టు ఎన్ని పుట్టిండ్లలో ఈ మాట నలుగుచున్నదో చదువరులకే తెలియును.

మొదట ఆమె చేవ్రాలు విలువ చెప్పెదము. పూర్వము మన యాడుబిడ్డకు భూమిలో భాగము లేదు. పసుపుకుంకుమల క్రింద ఇచ్చినదే దక్కెడిది. ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5వ తేదినుండి ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో అవివాహితయగు కుమార్తెకు కుమారునితో సమానహక్కు కలుగునట్లు చట్టము సవరింపబడెను. దేశమంతటికి 2005లో అట్టి సవరణయే వచ్చెను; వివాహితయను భేదము పోయెను. ఆనాటికి తండ్రి జీవించియుండనక్కరలేదని 2020 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానము తేల్చినది. కావున పిత్రార్జితభూమి అమ్మకపు పత్రముపై నేడు ఆడుబిడ్డ చేవ్రాలు అలంకారము కాదు, అది లేక బేరము కుదురదు. ఇందుచేతనే బంధువులు పట్టుచీరతో వచ్చి, భోజనానంతరమున కాగితము తీయుచున్నారు. చదువక చేవ్రాలు చేయకుడని యీ శీర్షికలో మేము లోగడనే వ్రాసియున్నాము.

ఇక అడవిని నిలుపుట. సోదరి తలపెట్టిన పనికి అమెరికా దేశమున ఒక చక్కని విధానము గలదు. అచటి పశుపాలకులకు వేలకొలది యెకరముల గడ్డిభూములుండును. వానిని వారు రాంచీలందురు. మన కంచకు పెద్దక్క యనుకొనుడు. పట్టణములు పెరిగి యా భూముల ధర హెచ్చినపుడు, తండ్రి చనిపోయిన పిదప వారసులు పన్ను కట్టజాలక ముక్కలుచేసి అమ్ముకొనుట పరిపాటియయ్యెను. అందుకు వారు కనిపెట్టిన యుపాయమిది. భూమి యజమానికి భూమిపై గల హక్కు ఒక్కటి కాదు, కట్టెల మోపువంటిది. దున్ను హక్కు, మేపు హక్కు, అమ్ము హక్కు, మేడలు కట్టు హక్కు, అన్నియు ఒక త్రాట కట్టిన కట్టెలే. యజమాని అందుండి మేడలు కట్టు కట్టెను మాత్రము తీసి, ప్రకృతిరక్షణ సంఘమునకో ప్రభుత్వమునకో పత్రము వ్రాసి రిజిస్టరు చేసి యిచ్చును. మిగిలిన మోపు తనదే. పశువులను మేపుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును, బిడ్డలకు వ్రాయవచ్చును. కాని కొన్నవాడును, బిడ్డలును, వారి బిడ్డలును అచట ఇండ్లు కట్టరాదు. సంఘమువారు ఏటేట వచ్చి చూచిపోవుదురు. కోల్పోయిన విలువకు బదులు యజమానికి కొంత రొక్కమో, ఆదాయపు పన్నులో తగ్గింపో లభించును. మసాచుసెట్సు రాష్ట్రమున 1891లోనే భూరక్షణ సంఘము వెలసెను. 1981లో రాష్ట్రములన్నిటికి మాదిరి చట్టము సిద్ధపఱచిరి.

అచటను మోసము లేకపోలేదు. కొందఱు ధనికులు చౌకగా భూమి కొని, దాని విలువ కొండంత చూపి, కట్టని మేడలకు పన్ను తగ్గింపు పొందిరి; 2022లో అచటి శాసనసభ దానికి కళ్లెము వేసినది. అయినను లక్షలకొలది యెకరములు ఈ విధమున నిలిచియుండుట నిజము.

మనదేశమున ఇట్టి పత్రము వ్రాయవచ్చునా? ఈజుమెంటు అను మాట మనకును క్రొత్తది కాదు. చెన్నపురి రాజధానిలో మొదట అమలైన 1882 నాటి చట్టమున నున్నదే. పొరుగింటివాడు మన కిటికీ వెలుతురునకు అడ్డుగోడ కట్టరాదనుట, మన చేనికి పొరుగుచేనిగుండ త్రోవ యుండుట, నూతినీరు తెచ్చుకొనుట, ఇవన్నియు ఈజుమెంటులే. అయితే మన చట్టమున ఒక భూమి హక్కు మఱియొక భూమి ప్రయోజనమునకే పుట్టవలెను. నా చేనికి మేలు గావున నీ చేనిలో త్రోవ. నెమలికి పట్టా లేదు, చేను లేదు; కావున నెమలి పక్షమున ఈజుమెంటు చెల్లదు. సోదరి కోరినది అమెరికా పద్ధతి యక్షరాల ఇచట దొరకదని ముందే చెప్పుట న్యాయము.

దానికి దగ్గఱగానున్నది వేఱొకటి గలదు. వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2002లో చేసిన సవరణలో 'కమ్యూనిటీ రిజర్వు' అను క్రొత్త తరగతి చేర్చిరి. 36-సి విధి చూడుడు. ఒక గ్రామము గాని, ఒక వ్యక్తి గాని తమ సొంతభూమిలో వన్యప్రాణులను కాపాడ ముందుకు వచ్చినచో, రాష్ట్రప్రభుత్వము ఆ భూమిని రిజర్వుగా ప్రకటింపవచ్చును. భూమి యజమానిదే. ప్రకటన వెలువడిన పిమ్మట, నిర్వాహకసంఘపు తీర్మానమును ప్రభుత్వపు ఆమోదమును లేక ఆ భూమి వినియోగమును మార్చరాదు. ఇది యిచ్ఛాపూర్వకమైన కట్టడి. 2007లో కర్ణాటకమున మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరు, కేరళమున కడలుండి యిట్లు ప్రకటింపబడెను. కొక్కరె బెళ్లూరు కథ మన యాడువారు వినదగినది. ఆ యూరి చింతచెట్లపై ఏటేట కొంగలు, గూడబాతులు గూళ్లు కట్టును. పురుటికి పుట్టింటికి వచ్చిన యాడుబిడ్డలని వానిని గ్రామస్థులు భావింతురు. పురిటిబిడ్డ యున్న కొమ్మనుండి చింతకాయ కోయుదురా? కోయరు. ఆ నష్టమునకు అటవీశాఖవారు కొంత రొక్కమిచ్చు నేర్పాటు చేసిరి. మన తెలుగునాటను శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమున, శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురమున ఎఱ్ఱకాళ్ల కొంగలకు పల్లెవారు ఇట్లే ఆతిథ్యమిచ్చుచున్నారు. చట్టము వచ్చుటకు చాలముందే వారికి ఈ మర్యాద తెలియును.

సైబరాబాదు కథ యింత ప్రియముగా లేదు. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము స్థాపితమైనపుడు గచ్చిబౌలి కడ రెండువేల మూడువందల యెకరములకు పైగా కేటాయించిరి. (అది మొదట నడచినది అబిడ్సులో సరోజినీదేవి నివసించిన గోల్డెన్ థ్రెషోల్డు గృహమున. అది ఆమె కుమార్తె పద్మజానాయుడుగారి వలన విశ్వవిద్యాలయమునకు సంక్రమించెను. ఒక కుమార్తె విడిచిన ఆస్తి విద్యకు నీడయైన దృష్టాంతము మన కండ్లయెదుటనే యున్నది.) 1998లో సైబర్ టవర్సు వెలసిన పిమ్మట ఆ చుట్టుప్రక్కల గజము ధర యెకరము ధరవలె పెరిగెను. ఆ కంచలో నాలుగువందల యెకరములను 2004లో ప్రభుత్వమువారు ఒక క్రీడాసంస్థకిచ్చి, 2006లో రద్దుచేసిరి. వ్యాజ్యము 2024 దాక నడచి ప్రభుత్వ పక్షమున తీరెను. అటుపిమ్మట ఐటీ కట్టడములకై దానిని వేలమువేయ దలచిరి. 2025 మార్చి 30వ తేది, విశ్వావసు నామ సంవత్సర ఉగాది. మన మందఱము వేపపూత వెదకికొనుచుండగా నచట యంత్రములు చెట్లను కూల్చుచుండెను. విద్యార్థినీవిద్యార్థులు అడ్డుపడిరి; కొందఱిని పట్టి ఠాణాలకు గొంపోయిరి. నెమళ్ల అఱపులు రాత్రివేళ తీసిన చలచ్చిత్రములలో దేశమంతయు విన్నది. ఏప్రిలు 3న సర్వోన్నత న్యాయస్థానము తనంతట తాను కలుగజేసికొని చెట్లు నఱకుట నిలిపివైచెను. సుమారు నూఱెకరములు అప్పటికే చదునయ్యెను. మఱునాడు తావుతప్పి బయటికి వచ్చిన చుక్కలజింక యొకటి కుక్కల వాతబడి చచ్చెను. ఏప్రిలు 16న ఆ నూఱెకరముల వనమును మరల నెట్లు నిలుపుదురో చెప్పుడని న్యాయస్థానము ప్రభుత్వము నడిగెను.

ఆ వారమంతయు మాకు నన్నయభట్టారకుని యాదిపర్వమున ఖాండవదహనము తలపునకు వచ్చినది. అగ్నిహోత్రుని యాకలి తీర్చుటకు కృష్ణార్జునులు వనము నాలుగుదిక్కుల కావలి కాచిరి. తప్పించుకొనబోవు ప్రాణిని పోనీయరైరి. పండితులు అర్జునుని బాణనైపుణ్యమునే కొనియాడుదురు. మేము చిన్ననాడు తండ్రిగారికడ ఆ ఘట్టము చదువునపుడు మా మనసు జరితయను తల్లిపిట్ట వద్దనే నిలిచెడిది. భర్త యింకొకతెతో పోయెను. నాలుగు పిల్లలు, ఱెక్కలు రానివి. మంట దగ్గఱపడుచున్నది. 'ఎలుక కలుగులో దూరుడు, మట్టి కప్పెద'నని తల్లి, 'ఎలుక తినును, దానికంటె అగ్నియే మేలు, నీవు పొమ్ము, నీకు మఱల బిడ్డలు కలుగుదు'రని బిడ్డలు. ఆ వనమునుండి బ్రతికి బయటపడిన వేళ్ళపై లెక్కించు ప్రాణులలో ఆ నాలుగు పిట్టలొక భాగము, మయుడొక డు. ఆ మయుడే పిదప పాండవులకు సభ కట్టెను. హైటెక్ సిటీ అద్దపు మేడలను చూచినపుడెల్ల మయసభయే జ్ఞప్తికి వచ్చును. నేలయనుకొన్నచోట నీరుండుట దుర్యోధనునికి ఒక్కసారియే జరిగెను. మాదాపూరు వీధులలో ప్రతి వానకును జరుగుచున్నది. కుంటలను పూడ్చి కట్టినచోట నీరు తన పాతయిల్లు వెదకికొనకేమి చేయును?

కట్టడి యనిన వెంటనే మన రైతులు 111వ ఉత్తరువు పేరెత్తుదురు. ఎత్తుట న్యాయమే. 1908 సెప్టెంబరు 28న మూసీ వఱదలో నగరము మునిగిన పిమ్మట విశ్వేశ్వరయ్యగారి సలహాపై 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియయ్యెను. ఆ జలాశయముల చుట్టు పది కిలోమీటర్ల లోపల కర్మాగారములు, పెద్ద కట్టడములు కూడదని 1996 మార్చి 8న ప్రభుత్వము శాసించెను. ఎనుబదినాలుగు గ్రామములు అందు జిక్కెను. నగరమునకు నీరు నిర్మలముగా నుండుటకు అది యవసరమే. కాని దానివలన ధరపెరుగక నష్టపడినది పల్లెరైతు. ప్రక్కయూరిలో ఎకరము కోట్లు పలుకగా తన యెకరము అమ్మి కుమార్తె పెండ్లి చేయలేనివాడు 'నగరవాసుల గ్రుక్కెడు నీటికి నేనేల బీదనై యుండవలె'నని యడిగినచో నేమి చెప్పుదుము? అదే మేర లోపల ధనికుల విశ్రాంతి భవనములు లేచుచుండగా చూచి యతడెట్లు సహించును? 2022 ఏప్రిలు 12న 69వ ఉత్తరువుతో ప్రభుత్వమువారు ఆ బంధమును సడలించిరి. మా యభిప్రాయమున ఇందు దోషము కట్టడిలో లేదు, ప్రతిఫలము లేకపోవుటలో నున్నది. అమెరికావారు రైతు కోల్పోవు కట్టెకు వెల కట్టిరి. మనము ఉత్తరువు వ్రాసి ఊరకుంటిమి. హైదరాబాదులో రోడ్డు వెడల్పునకు భూమి యిచ్చినవారికి టీడీఆర్ అను పత్రమిచ్చుచున్నారు. దానిని వేఱొకచోట అంతస్తు పెంచుకొనువారికి అమ్ముకొనవచ్చును. రోడ్డుకై విడిచిన గజమునకు పత్రమున్నప్పుడు కుంటకును నెమలికిని విడిచిన గజమునకు నేల యుండరాదు? పురుషులు సభలలో ఇది యడుగరేమో. మన మహిళాసమాజములవారైనను అర్జీ పెట్టవచ్చును.

ప్రకటనచే నిలిచిన తావులును మనకు లేకపోలేదు. మియాపూరు కావల అమీనుపూరు చెరువు కుతుబుషాహీల నాటిది. దానిని 2016 నవంబరులో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి. చలికాలమున వలసపక్షుల రాక చూచుటకు పిల్లలను గొంపోవుడు. వనస్థలిపురమున నిజాము వేటాడిన వనము నేడు హరిణవనమై జింకల నేలుచున్నది. గుట్టబండలను కాపాడుటకు 1996లోనే నగరమున ఒక సంఘము పుట్టినది. ఇరువదియైదు వందల లక్షల కాదు, ఇరువదియైదు వేల లక్షల యేండ్ల వయస్సుగల రాళ్లను ఒక్క పూటలో మందుగుండుతో పేల్చి కంకర చేయుట యెంత సులభమో చూడుడు.

ఇక సోదరికి మేమిచ్చిన యుత్తరము. మాకు పరిచితులగు ఒక వకీలుగారి నడిగి, మా యింటివారిచేత ఆ చట్టముల ప్రతులు తెప్పించి చదివి వ్రాసితిమి. చేవ్రాలు చేయనని మొండికెత్తుట వలన లాభము లేదు. అన్నలు భాగపరిష్కారమునకు దావా వేయగలరు. ముందుగా భాగములు తేల్చుకొనవలెను. తొమ్మిదింట నలుగురికి రెండుంబావు చొప్పున వచ్చును. వెంచరువానికి కావలసినది చదునుగానున్న చెలుక. బండలనిన వానికి పేల్చుటకు ఖర్చు. కావున 'బండలును కుంటయు నాకు విడువుడు, చెలుకలో నేను అడుగను' అని చెప్పినచో అన్నలు సంతోషముతో ఒప్పుదురు. బజారున వెలలేనిది ఆమెకు వెలగలది. బేరమునకు ఇంతకంటె మంచి సందు లేదు. అట్లు తేలిన పిదప భాగపత్రమును రిజిస్టరు చేయించి, హద్దులు కొలిపించి, పట్టాదారు పాసుపుస్తకము తన పేర వ్రాయించుకొనవలెను. నోటిమాట చాలదు, తెల్లకాగితము చాలదు.

తరువాత రెండు దారులు. ఒకటి, 36-సి క్రింద అటవీశాఖకు అర్జీ. ఇది నెమ్మదిగా నడచును. మూడెకరములు చిన్నవని త్రోసివేయనువచ్చును. ఆనుకొనియున్న గ్రామపు బంచరాయి కలిసివచ్చినచో బలము హెచ్చును. రెండవది, ఆ భూమిని ధర్మకార్యమునకు ట్రస్టుగా వ్రాయుట. సామాన్యముగా భూమిని 'ఎన్నటికి నెవ్వరును అమ్మరా'దని కట్టుట మన చట్టము నొప్పదు. కాని ప్రజాహితమునకై శాశ్వతముగా నిచ్చు దానమునకు ఆస్తిబదిలీ చట్టము 18వ విధిలో మినహాయింపు గలదు. దేవాలయమునకు మాన్యమిచ్చుట మనకెఱుకయే. ఇది కుంటకు మాన్యము. అయితే ట్రస్టునకు వ్రాసిన భూమి తిరిగిరాదు. పిల్లల చదువునకో, వృద్ధాప్యపు మందులకో అదియే యాధారమైనచో ఈ దారి త్రొక్కవలదని స్పష్టముగా వ్రాసితిమి. ఆకలితో చేసిన దానము తరువాత శాపముగా మాఱును. ఎటులైనను గ్రామమున జీవవైవిధ్య సమితి యొకటి యుండవలెనని 2002 నాటి చట్టమున్నది. పంచాయతీ కార్యదర్శి నడిగి, తమ కుంటలో వ్రాలు పక్షుల పేర్లు, పొదల పేర్లు ఆ సమితి పుస్తకమున నెక్కించుటకు ఖర్చేమియు లేదు. వ్రాతలో లేని పక్షి న్యాయస్థానమున లేని పక్షియే.

ఆమె ప్రత్యుత్తరము గడచిన వారము వచ్చినది. బండలు ఆమెకు విడుచుటకు అన్నలు ఒడబడిరి. పెద్దన్నగారు నవ్వి, 'రాళ్లు నీకు, రాసులు మాకు' అనిరట. కొఱవడిన ముప్పాతిక యెకరమును చెల్లెలు తన భాగమునుండి కలుపుదునన్నదట, తల్లిపేర ఒక చింతమొక్క నాటనిచ్చు షరతుపై. సర్వేయరు వచ్చుటకు దినము నిర్ణయమైనది. కుంట మొత్తము, దానికి నీరుదిగు వాగుతో సహా, హద్దురాళ్ల లోపల పడునట్లు దగ్గఱుండి చూచుకొమ్మని మేము మఱల జాబు వ్రాసితిమి. వాగు వెంచరు ప్రక్కకు పోయెనా, రెండేండ్లలో కుంట మట్టితో పూడును. పటము నకలు పంపెదనని వ్రాసినది. అందినవెంటనే చదువరులకు తెలియజేసెదము.